నడక చదవడం, 3వ పాఠం: మిద్దె మీద తడి పాదాలు

పోయిన పాఠంలో ఒక మడమ నేలకి తాకినప్పటి నుంచి మళ్లీ అదే మడమ తాకేదాకా ఒక చుట్టు అనుకున్నాం గదా, అందులో సుమారు 60 శాతం ఆ కాలు నేలమీద, 40 శాతం గాల్లో, రెండు కాళ్లూ ఒకేసారి నేలమీదుండే టైమ్ మొత్తం కలిపి 20 శాతం దాకా. అది గుర్తుంటే చాలు.

ఈరోజు లావుగా ఉండే పెద్దవాళ్ల నడక. నేనిది మా పెద్దమ్మని చూసి నేర్చుకున్నా. 155 సెంటీమీటర్ల ఎత్తు, 84 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 35, మన ఇండియా వాళ్లకి 25 దాటితేనే ఒబేసిటీ కింద లెక్క. ఇంట్లో అందరూ "ఏం నడకమ్మా అది బాతు మాదిరి, కొంచెం జోరుగా నడువు" అంటా ఉంటారు, నేనూ అన్నా ఒకప్పుడు, ఇప్పుడు అనను.

కావలసింది బకెట్ నీళ్లు, గుప్పెడు ముగ్గు పిండి, టేపు. మిద్దె మీద పొద్దున ఆరున్నర లోపలే పెట్టుకోండి, మన తిరుపతి ఎండకి తొమ్మిదైతే పాదం ముద్ర మీరు వంగేలోపే ఆరిపోతుంది, పైగా కాళ్లు కాలుతాయి. చీర కట్టుకుని నడిస్తే అడుగు చిన్నదవుతుంది కాబట్టి నైటీలో నడవమనండి, మగవాళ్లయితే లుంగీ పైకి మడిచి. పాదాలు తడుపుకుని ఒక పది పన్నెండు అడుగులు మామూలుగా నడవాలి. "నీ నడక కొలుస్తున్నా" అని మాత్రం చెప్పొద్దు, చెప్పారో పెళ్లిచూపుల్లో మాదిరి నడుస్తారు. "ఆ చివర తొట్టిలో తులసి వాడిపోయిందేమో చూడు పెద్దమ్మా" అన్నా నేను. మొదటి మూడడుగులు, చివరి రెండు వదిలేసి, మధ్యలో ఉన్న ప్రతి మడమ ముద్ర నడిమధ్యలో తడి ఆరకముందే చిటికెడు ముగ్గు పిండి వేసేయండి, అతుక్కుంటుంది, తర్వాత నిదానంగా కొలుచుకోవచ్చు.

మూడు కొలతలు. ఎడమ మడమ నుంచి కుడి మడమకి ముందుకి ఎంత దూరమో అది అడుగు పొడవు, ఆ ఎత్తు మనిషికి 60 సెంటీమీటర్ల పైన రావాలి, పెద్దమ్మకి 46 వచ్చింది. రెండు మడమల మధ్య అడ్డంగా ఉండే దూరం వెడల్పు, మామూలుగా 10 సెంటీమీటర్ల అటూ ఇటూ, ఆమెకి 17. ఇక బొటనవేళ్లు ఎంత బయటికి తిరిగినాయో కంటితో చూసినా చాలు. ఇట్లా మూడుసార్లు నడిపించి సగటు తీయండి, ఒక్కసారి కొలిచి నిర్ధారణకి రావొద్దు.

ఎందుకు ఇట్లా? తొడలు ఒకదానికొకటి తగలకుండా పోవాలంటే కాళ్లు దూరం పెట్టాల్సిందే, అది ఒక కారణం, బరువు పక్కకి ఊగినప్పుడు తూలకుండా ఆనుకోడానికి వెడల్పు కావాలి, అది ఇంకోటి. అడుగు చిన్నగా, నిదానంగా వేస్తే చుట్టులో ఒంటికాలి మీద నిలబడే శాతం తగ్గుతుంది, రెండు కాళ్లూ నేలమీదుండే ఆ 20 శాతం పెరుగుతుంది. అంటే సోమరితనం కాదబ్బా, ఒళ్లు వేసుకున్న లెక్క అది. నిదానంగా నడిస్తే మోకాలి మీద పడే భారం కూడా తగ్గుతుంది, మనం జోరుగా నడువు అని తరుముతా ఉంటే ఆ లెక్కని చెడగొడుతున్నట్టే.

మోకాలి దగ్గరే అసలు కథ. మామూలు నడకలో మడమ ఆనగానే మోకాలు 15, 20 డిగ్రీలు వంగి బండి షాక్ అబ్జార్బర్ మాదిరి దెబ్బని మింగుతుంది. లావుగా ఉండేవాళ్లలో చాలామందికి ఈ వంపు తక్కువ, కాలు కొంచెం బిగుసుకునే దిగుతుంది, ఎందుకంటే వంగితే తొడ ముందు కండ ఆ బరువంతా పట్టుకోవాలి, దానికంత ఓపిక లేదు. కండ తప్పించుకుంటే దెబ్బ ఎముకకీ గుజ్జుకీ పోతుంది, అందులోనూ మోకాలి లోపలి వైపుకే ఎక్కువ. అందుకే నెప్పి ఎక్కడమ్మా అంటే చాలామంది లోపలి వైపే చెయ్యి పెడతారు. చీలమండ సంగతి వచ్చే పాఠంలో, ఇప్పటికి వెనక కాలు నేలని తన్నే ఊపు తగ్గుతుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

2005లో అమెరికాలో మోకాళ్లు అరిగిన 142 మంది లావుపాటి పెద్దవాళ్ల మీద చేసిన స్టడీ ఒకటుంది, ఒంట్లో 1 కిలో తగ్గితే మోకాలి మీద ఒక్కో అడుగుకీ సుమారు 4 కిలోల భారం తగ్గుతుందని తేలింది. ఇది చెప్తే పెద్దమ్మ వెంటనే "అయితే పెరటాసి నెలలో అలిపిరి మెట్లెక్కి తగ్గించుకుంటాలేరా" అనింది. 3,550 మెట్లు! ఆ దారిలో ఉండే మోకాళ్ల పర్వతానికి ఆ పేరు ఊరికే వచ్చిందా అనుకున్నా మనసులో. స్టడీలో కొలిచింది చదును మీద నడక, మెట్లకి అదే అంకె వేసేయకండి, మెట్ల మీద మోకాలికి చదును కంటే ఎక్కువ భారమే.

హోంవర్క్: ఇంట్లో ఇద్దరిని, ఒకరు సన్నగా ఒకరు లావుగా ఉండేవాళ్లని, ఇట్లానే కొలిచి నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత ఫోన్ మోకాలి ఎత్తులో పక్క నుంచి పెట్టి స్లో మోషన్‌లో ఇద్దరిదీ వీడియో తీసి, మడమ ఆనిన వెంటనే మోకాలు ఎవరికి వంగింది, ఎవరికి బిగుసుకుంది చూడండి. మోకాలు వాచి వేడిగా ఉన్నా, నడుస్తుంటే పట్టుతప్పి మడతపడుతున్నా వాళ్లని నడిపించకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. వీడియో డిలీట్ చేయొద్దు, 4వ పాఠంలో చీలమండకి అదే కావాలి.