గోడ పగలగొట్టే ముందు లీకు ఎక్కడుందో తేల్చుకోవడం

బరంపురం పాత వీధుల్లోనూ పర్లాకిమిడిలోనూ వరుస ఇళ్లకు ఉమ్మడి గోడలుంటాయి కనుక, మన పడకగదిలో కనిపించే చెమ్మ మన పైపులోనిదే అనుకోవడానికి వీలు లేదు; పక్కింటి స్నానాలగది నుంచి కూడా అది దిగవచ్చు. నీరు స్లాబు మీదుగా, ఇటుకల సందుల్లోంచి కొన్ని అడుగులు పారి మరెక్కడో బయటపడుతుంది. అందుచేత మరక ఉన్నచోటే తవ్వుదామనే మేస్త్రీని కొంచెం ఆగమనాలి. మరమ్మతులో పైపు ముక్కకూ, పైపును మలుపు తిప్పే ఎల్బోకూ అయ్యేది స్వల్పం; పగలగొట్టి, మళ్లీ ప్లాస్టరింగు చేసి, టైల్సూ రంగూ వేయించడానికే డబ్బంతా పోతుంది.

ముందుగా చెమ్మ తీరు చూడాలి. రోజంతా ఒకేలా తడిగా ఉంటే మంచినీటి పైపును, స్నానాలయ్యాకే ముదురుతుంటే మురుగు పైపును లేదా నానీ ట్రాప్‌ను (స్నానాలగది నేలలో నీళ్లు బయటికి పోయే జాలీ కింది గిన్నెను), వానల్లోనే కనిపిస్తే పైకప్పునూ బయటి గోడ పగుళ్లనూ అనుమానించాలి. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకే ఉండి తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటే అది సాధారణంగా పునాది పీల్చిన తేమ. దానికి ప్లంబరుతో పని లేదు. వాన తడి కలగలవకుండా ఈ పరీక్షలన్నీ కార్తీకం దాటాక పెట్టుకోవడం మేలు.

ఖర్చు లేని పరీక్ష ఫ్లష్ ట్యాంకుది. బట్టలకు పెట్టే నీలం నాలుగు చుక్కలు అందులో వేసి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగాలి. కమోడ్‌లోకి నీలి రంగు దిగితే లోపలి రబ్బరు వాషరు పోయిందన్నమాట. పై ట్యాంకు ఊరికే ఖాళీ అవుతుంటే గోడలో లీకని కంగారుపడిన కొన్ని ఇళ్లలో సంగతి ఇంతే.

అది కాకపోతే రాత్రి అందరూ పడుకున్నాక, పై ట్యాంకులోకి నీరెక్కే వాల్వు మూసి, నీటిమట్టాన్ని కర్రతో కొలిచి గుర్తు పెట్టుకుని, తెల్లవారాక ఎవరూ కుళాయి తిప్పకముందే మళ్లీ కొలవాలి. 110 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి ట్యాంకులో ఒక సెంటీమీటరు తగ్గితే దాదాపు 9.5 లీటర్లు పోయినట్లు లెక్క. ఆరు గంటల్లో 4 సెంటీమీటర్లు తగ్గిందంటే రోజుకు 150 లీటర్లు, నెలకు 4,500 లీటర్లు. వాటిని పైకెక్కించిన మోటారు కరెంటు బిల్లు అదనం. మర్నాటి నుంచి ఒక్కో రాత్రి ఒక్కో గేటు వాల్వు, అంటే ఒకనాడు వంటింటిది, మరొకనాడు స్నానాలగదిది, మూసి చూస్తే, ఏది మూసినప్పుడు మట్టం నిలిచిందో లీకు ఆ లైనులోనే ఉందని తేలుతుంది. ట్యాంకు ఎప్పుడూ తగ్గకపోతే నానీ ట్రాప్‌ను గుడ్డతో బిగించి, స్నానాలగది నేల మీద రెండంగుళాల నీరు నిలిపి, ఒక రోజు గమనించాలి. దీన్నే పక్కింటివారి గదిలో, వారి సమ్మతితో, నీలం కలిపిన నీటితో చేస్తే వాదులాట తగ్గుతుంది.

వీధి నుంచి సంపుకు వచ్చే పైపు వేరే సంగతి. మున్సిపాలిటీ నీళ్లు వదిలిన వేళల్లోనే దానిలో ఒత్తిడి ఉంటుంది కనుక, అప్పుడే సంపు వాల్వు కట్టి మీటరు తిరుగుతుందో లేదో చూడాలి. నీళ్లు ఆగిన వేళ ఆ పగులు గుండానే పక్క కాలువ మురుగు లోపలికి పీల్చుకుపోగలదు కనుక, దీన్ని మాత్రం వాయిదా వేయకూడదు.

మేస్త్రీతో బేరమాడేటప్పుడు పగలగొట్టడం, పైపు పని, ప్లాస్టరింగూ టైల్సూ అని మూడింటికీ వేర్వేరుగా ధర అడగాలి. మొత్తం కలిపి చెప్పే ధరలో దేనికెంతో తెలియదు. పాత ఇంట్లో జి.ఐ. (జింకు పూత ఇనుప) పైపు ఒకచోట తుప్పు తిని కారిందంటే మిగతాదీ అదే దారిలో ఉంటుంది. అలాంటప్పుడు ఆ లైనును అలాగే వదిలేసి, బయటి గోడ మీదుగా కొత్త సి.పి.వి.సి. (ప్లాస్టిక్) పైపు వేయించడమే చవక అని నా అభిప్రాయం. చూపుకు బాగుండకపోయినా రేపు కారితే కంటికి కనిపిస్తుంది. గోడలోనే వేయక తప్పకపోతే, జాయింట్లను అతికించే సాల్వెంట్ జిగురు బాగా ఆరాక, ప్లాస్టరింగుకు ముందే చేతిపంపుతో పైపులో నీటి ఒత్తిడి పెంచి చూసే ప్రెషర్ టెస్టు చేయించి, పైపు పోయిన దారిని టేపు పక్కన పెట్టి ఫొటో తీసుకోవాలి. ఆఖరి వాయిదా డబ్బు ఆ టెస్టులో ఒత్తిడి చూపే గేజు ముల్లు దిగలేదని చూశాకే ఇవ్వాలి.