పెరుగు డ్రెస్సింగ్ పల్చబడుతోందా? ముందు ఇవి చూడండి

మయోనీజ్‌లో చాలా వరకు నూనే కాబట్టి, ఒక్క టేబుల్ స్పూనుకే 90-100 కేలరీలు ఉంటాయి. అందుకని దాన్ని మానేసి, గుడ్డలో కట్టి నీళ్లు కారిపోనిచ్చిన పెరుగుతో సలాడ్ డ్రెస్సింగ్ మొదలుపెడతారు. వారం తిరక్కుండానే "నీళ్లయిపోతోంది" అంటారు. ఎక్కడ నీళ్లయింది, గిన్నెలోనా ప్లేటులోనా? ఈ ఒక్కటీ చూడకుండా పెరుగును తిడతారు.

గిన్నెలో బాగుంది, ప్లేటులో అడుగున నీళ్లు

తప్పు డ్రెస్సింగ్‌ది కాదు, తడి ఆకులది. లెట్యూస్ మడతల్లో, కొత్తిమీర కాడల్లో కడిగిన నీళ్లు అలాగే ఉంటాయి. పొడి గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్దండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ పని మాత్రం ఎవరూ చేయరు. కీర ముక్కలకి ఉప్పు కలిపి పావుగంట ఉంచి పిండేయండి, డ్రెస్సింగ్‌లో ఆ మేరకు ఉప్పు తగ్గించండి. టమాటా అయితే గింజల గుజ్జు తీసేస్తే చాలు. తినే ముందే కలపాలి.

గిన్నెలోనే జారిపోతోంది

పెరుగు రాత్రంతా వేలాడింది. విప్పితే గరిటెకి అంటుకునేంత గట్టిగా ఉంది. అందులో కొత్తిమీర, వెల్లుల్లి, మిరియాలు వేసి మిక్సీలో రెండు తిప్పులు తిప్పారు. మూత తీస్తే మజ్జిగ! మర్నాడు ఇంకా ఎక్కువసేపు వేలాడదీస్తారు, మళ్లీ అదే మిక్సీ, మళ్లీ అదే మజ్జిగ.

పెరుగు గట్టిగా నిలబడేది పాల ప్రొటీన్లు ఒకదానికొకటి అల్లుకుని వల కట్టడం వల్ల. మిక్సీ బ్లేడు ఆ వలను ముక్కలు చేస్తుంది, అందులో పట్టి ఉన్న నీళ్లు వదిలిపోతాయి. అనుమానం ఉంటే రెండు చెంచాల పెరుగు విడిగా తీసిపెట్టి, మిగతాది మిక్సీలో వేసి పక్కపక్కన పెట్టి చూడండి.

కొత్తిమీర, వెల్లుల్లి, మిరియాలు, చిటికెడు ఆవపొడి, ఒక చెంచా నూనె ముందు మెత్తగా నూరుకోండి, చుక్క నీళ్లు పోయొద్దు. కొంచెమే కాబట్టి మిక్సీ జారులో తిరగదు, చిన్న రోలు మేలు. పెరుగును గిన్నెలోకి తీసి, చెంచాతో ఉండలు పోయేంతవరకే కలిపి, ఈ ముద్ద అందులో వేసి మెల్లగా తిప్పండి. నిమ్మరసం ఆఖర్న, చుక్కచుక్కగా.

ఇప్పటికే పల్చబడిందా? రెండు గంటలు ఫ్రిజ్‌లో పెడితే కొంత గట్టిపడుతుంది, మునుపటంత కాదు. చెంచాడు పుట్నాల పొడి కలిపి పది నిమిషాలు ఆగితే పని జరుగుతుంది. మళ్లీ గుడ్డలో కడితే రుచంతా నీళ్లతో పోతుంది.

రుచి తేడా

పుల్లగా ఉంటే పెరుగును బయట వేలాడదీశారన్నమాట. జల్లెడలో గుడ్డ పరిచి, పెరుగు వేసి, కింద గిన్నె పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. చప్పగా ఉంటే బొత్తిగా నూనె వేయకుండా, మీగడ తీసిన పాల పెరుగుతో చేసి ఉంటారు. ఆ ఒక్క చెంచా నూనెకి కక్కుర్తి పడకండి. చేదా? ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెను మిక్సీలో తిప్పినా, సలాడ్‌లో ఉడికించని అనాస ముక్కలు వేసి అట్టే ఉంచినా అలా అవుతుంది. అరుదే.