పాత పుట్టగొడుగుల పొట్లాలు విప్పే ముందు

మా కాలేజీ బోటనీ ల్యాబ్‌లో ఇనప బీరువా తాళం నా దగ్గరే ఉంటుంది. ఎండిన పుట్టగొడుగులు, సరుగుడు మొదళ్లకు పట్టే చెక్కలాంటి గనోడెర్మా అనే శిలీంధ్రం, తుప్పు తెగులు సోకిన అరకు కాఫీ ఆకులు, అన్నీ కాగితం పొట్లాల్లోనే. ఇలాంటి బీరువా మీ మెడకూ చుట్టుకుంటే ఇది చదవండి.

వానాకాలంలో పొట్లాలు విప్పకండి. వైజాగ్‌లో మే నెల ఎండను కూడా నమ్మొద్దు, సముద్రపు గాలిలో చెమ్మ అప్పుడూ ఉంటుంది. డిసెంబరు, జనవరి కాస్త నయం.

గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. పురుగు పట్టకుండా పాతకాలంలో నమూనాలకు మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవాళ్లు. అది విషం, ఏళ్లు గడిచినా పోదు. టీ గ్లాసు గుమ్మం బయటే పెట్టి రండి.

ముట్టుకునే ముందు ఫొటో తీయండి, ముఖ్యంగా చీటీని. ఎక్కడ, ఎప్పుడు, ఏ చెట్టు మీద, ఎవరు సేకరించారో తెలియని పుట్టగొడుగు నా లెక్కలో చెత్తే. చీటీ మీద పేరు తప్పని తేలినా కొట్టేయకండి. మీరు అనుకున్న పేరు, మీ సంతకం, తేదీ వేరే చీటీ మీద రాసి పక్కన పెట్టండి. కవరు చిరిగితే దాన్ని అలాగే కొత్త కవర్లోకి దించండి. 1905లో బిహార్‌లోని పూసాలో శిలీంధ్ర శాస్త్రవేత్త ఎడ్విన్ బట్లర్ మొదలుపెట్టిన శిలీంధ్రాల సేకరణ తర్వాత ఢిల్లీకి చేరింది. ఊరు మారినా పనికొస్తోందంటే చీటీల చలవే.

పొట్లం దులిపితే సన్నటి గోధుమరంగు పొడి రాలిందా? పురుగు ఉన్నట్టే. మన ఇళ్లలో పసుపు కొమ్ములకు, ఎండుమిర్చికి పట్టే సిగరెట్ పురుగే చాలాసార్లు. నాఫ్తలీన్ ఉండల్ని నమ్ముకోవద్దు. పొట్లాన్ని పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసి సీలు వేసి, మైనస్ 20 డిగ్రీల డీప్‌ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. అసలు జాగ్రత్త బయటికి తీశాకే. ఆ రోజంతా సంచి విప్పొద్దు. విప్పారో, చల్లటి గోలీసోడా సీసాకు పట్టినట్టు నమూనాకు చెమట పడుతుంది, ఇక బూజే.

చెమ్మగిలిన వాటిని 40 డిగ్రీలు దాటకుండా డ్రయ్యర్‌లో ఆరబెట్టండి. వేడి ఎక్కువైతే డీఎన్ఏ పాడవుతుంది. 1840ల ఐర్లండ్ కరువు తెచ్చిన బంగాళదుంప తెగులు ఏ రకమో 2013లో తేల్చింది మ్యూజియాల్లో దాచిన ఎండుటాకుల్లోని డీఎన్ఏ నుంచే మరి.

మైక్రోస్కోపు కింద చూడటానికి ఆవగింజంత ముక్క చాలు. 5 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే ముడుచుకున్న కణాలు ఉబ్బి, సిద్ధబీజాలు (స్పోర్లు) తేటగా కనిపిస్తాయి. సగం విరిచి ఇమ్మనే రీసెర్చ్ స్కాలర్లు వస్తారు. ఇవ్వకండి.

బీరువాను కిటికీకి దూరంగా, కింది అరను ఖాళీగా ఉంచండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసినవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు.