ఫోన్ నిండిపోయిందా? డిలీట్ కొట్టేముందు ఏ ఫోల్డర్‌లో ఏముందో చూడండి

మొన్న ఆదివారం పొద్దున్నే గోపాలపట్నం నుంచి పిన్ని ఫోన్, "ఒరే నాన్నా, వాట్సాప్ తెరుచుకోటం లేదురా, జాగా లేదంటంది, ఏటి చెయ్యాలి" అని. 64 జీబీ ఫోన్ అది, కొని నాలుగేళ్ళయ్యింది. పక్కింటి కుర్రాడు చూసి మొత్తం రీసెట్ కొట్టేద్దాం ఆంటీ అన్నాడట, నేను వచ్చేదాకా ఎవరూ ఏమీ ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళాను. వెళ్ళి చూస్తే 300 ఎంబీ కూడా ఖాళీ లేదు. గంటన్నర కూర్చుంటే 22 జీబీ ఖాళీ అయ్యింది, కావాల్సిన ఫోటో ఒక్కటి కూడా పోలేదు. ఆ గంటన్నరలో ఏం చేశామో ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇదే గోల ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది, కంగారులో ఏదో ఒకటి నొక్కేసి ఉన్నవి పోగొట్టుకుంటున్న వాళ్ళని చాలామందిని చూశాను.

నేను కూడా పోగొట్టుకున్నాను. మా నాయనమ్మకి టైప్ చేయడం రాదు, వాట్సాప్‌లో వాయిస్ పెట్టేది, "తిన్నావేటి, ఎండన పడి తిరక్కురా" అని పది పదకొండు సెకన్లు, అంతే. ఆవిడ చనిపోయిన ఏడాదికి నా ఫోన్ నిండిపోతే ఏదో క్లీనర్ యాప్ వేసి, అది చూపించిన పెద్ద బటన్ నొక్కేశాను. మూడు జీబీ క్లీన్ అయ్యిందని చూపించింది. ఆ మూడు జీబీలో నాయనమ్మ వాయిస్‌లన్నీ పోయాయి. తర్వాత కూర్చుని లెక్క వేసుకుంటే ఒక్కో వాయిస్ ముప్పై కేబీ ఉంటుందేమో, అన్నీ కలిపినా పది ఎంబీ ఉండవు. గ్రూపులో ఎవరో పెట్టిన ఒక్క గుడ్ మార్నింగ్ వీడియో అంతకంటే పెద్దది!

అప్పట్నుంచి నాది ఒకటే పద్ధతి. మనం దాచుకోవాలనుకునేవి చాలావరకు చిన్న ఫైల్సే, వాయిస్‌లు, పట్టా కాగితాల ఫోటోలు, పిల్లల మార్కుల మెమోలు. జాగా తినేసేవి పెద్దవి, వాటిల్లో ఎక్కువ మనకి అక్కర్లేనివి. అందుకని సైజు ప్రకారం పెద్దవాటి నుంచి కిందకి చూసుకుంటూ వస్తాను, సరిపడా ఖాళీ రాగానే ఆపేస్తాను, చిన్నవాటి జోలికి అసలు వెళ్ళను.

ముందు ఏది ఎక్కడుంటుందో తెలియాలి. ఫోన్‌లో ఫైల్స్ అనో మై ఫైల్స్ అనో ఒక యాప్ ఉంటుంది, అది తెరిచి ఇంటర్నల్ స్టోరేజ్‌లోకి వెళ్ళండి. డీసీఐఎం అని కనిపించేదే మీ కెమెరా ఫోల్డర్, డిజిటల్ కెమెరా ఇమేజెస్ అని దాని అర్థం, మీరు సొంతంగా తీసిన ఫోటోలు వీడియోలు అందులోనే ఉంటాయి కాబట్టి అన్నిటికంటే ముందు కాపాడుకోవాల్సింది అదే. స్క్రీన్‌షాట్లు కొన్ని ఫోన్లలో డీసీఐఎంలో, కొన్నిటిలో పిక్చర్స్‌లో ఉంటాయి. డౌన్‌లోడ్ అంటే బ్రౌజర్ నుంచి దించుకున్నవి. వాట్సాప్ దగ్గరే అందరూ తికమక పడతారు, పాత ఫోన్లలో వాట్సాప్ అనే ఫోల్డర్ బయటే కనిపించేది, ఆండ్రాయిడ్ 11 నుంచి అది లోపలికి వెళ్ళిపోయింది, ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్ తెరిచి మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్, అందులో వాట్సాప్, మళ్ళీ అందులో మీడియా. అక్కడ ఇమేజెస్, వీడియో, డాక్యుమెంట్స్, వాయిస్ నోట్స్ అన్నీ వేరువేరుగా ఉంటాయి. ఆ పక్కనే డేటాబేసెస్ అని ఉంటుంది చూడండి, మీ చాట్‌ల బ్యాకప్ అదే, దాన్ని ముట్టుకోకండి. ఆండ్రాయిడ్ ఫోల్డర్‌లోనే ఉండే డేటా, ఓబీబీ కూడా వదిలేయండి, అవి యాప్‌లవీ గేమ్‌లవీ.

ఫైల్ పేరు చదవడం కూడా అలవాటు చేసుకోండి. పేరులో తేదీ తర్వాత డబ్ల్యూఏ అని ఉండి నాలుగు అంకెలుంటే అది వాట్సాప్‌లోది. పిన్నికి ఇది చూపిస్తే చాలా సంతోషపడింది, మనవరాలి ఫోటో తను తీసిందేదో ఎవరో పంపిందేదో పేరు చూసి తనే చెప్పేసింది. ఇంకోటి, వాట్సాప్ ఇమేజెస్‌లోనూ వీడియోలోనూ లోపల సెంట్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. ఆర్‌కే బీచ్‌లో మీరు తీసిన వీడియో డీసీఐఎంలో ఒరిజినల్ ఉంటుంది, అది నలుగురికి పంపితే నాణ్యత తగ్గిన కాపీ ఇంకోటి ఈ సెంట్‌లో పడి ఉంటుంది. ఒరిజినల్ ఉందని చూసుకున్నాక సెంట్ వీడియోలు తీసేయొచ్చు, ఆ చాట్‌లో మాత్రం మళ్ళీ తెరుచుకోవు.

ఇప్పుడు అసలు పని. డిలీట్ కంటే ముందు కాపీ, ఇది దాటవేయకండి దయచేసి. ఫోన్‌కి నేరుగా పెట్టుకునే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లు జగదాంబ దగ్గరా ద్వారకానగర్‌లోనూ మొబైల్ షాపుల్లో అడిగితే ఇస్తారు, మీ ఫోన్ పిన్ టైప్-సీనా పాతదా అని చూపించి తీసుకోండి. పెట్టి డీసీఐఎం, వాట్సాప్ ఇమేజెస్, వాయిస్ నోట్స్ ఎంచుకుని కాపీ కొట్టండి. మూవ్ కొట్టకండి, మూవ్‌లో ఒకపక్క కాపీ అవుతూ ఇంకోపక్క ఫోన్‌లోంచి పోతుంటాయి, మధ్యలో పెన్‌డ్రైవ్ కదిలి ఊడిందంటే ఏవి వెళ్ళాయో ఏవి లేవో తేల్చుకోవడం నరకం. కాపీ అయ్యాక రెండు చోట్లా ఫోల్డర్ మీద నొక్కిపట్టి డీటెయిల్స్ చూడండి, ఎన్ని ఫైల్స్ ఎంత సైజు అని వస్తుంది. పిన్ని ఫోన్‌లో కెమెరాలో 4,212 ఉంటే పెన్‌డ్రైవ్‌లో 4,198 వచ్చాయి, ఆ పద్నాలుగూ ఏంటా అని వెతికితే చివర్లో పెద్ద వీడియోలు ఆగిపోయాయి, మళ్ళీ ఎక్కించాం. లెక్క సరిపోయినా ఊరుకోకండి, పెన్‌డ్రైవ్‌లోంచే మొదట్లో ఒకటి మధ్యలో ఒకటి చివర్లో ఒకటి తెరిచి చూడండి, వీడియో అయితే కాస్త ముందుకి జరిపి ఆడుతోందో లేదో చూడండి. నాలుగు జీబీ దాటిన ఫైల్, అంటే పెళ్ళి వీడియోలాంటిది, ఎక్కనంటే పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 అనే పాత పద్ధతిలో ఉన్నట్టు, అంత పెద్ద ఫైల్ అది తీసుకోదు, ఖాళీగా ఉన్నప్పుడే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలోకి ఫార్మాట్ చేసుకోవాలి. తీసేటప్పుడు ఎజెక్ట్ కొట్టి తీయండి.

ఆ పెన్‌డ్రైవ్‌ని తాళాల గుత్తికి తగిలించకండి, మన సముద్రపు గాలికి ఇనుము ఎలా తుప్పు పడుతుందో మీకు తెలిసిందే, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి పైన పేరు, తేదీ రాయండి. కుదిరితే ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో రేకులు లేచిపోయి పెళ్ళి ఆల్బమ్‌లు నానిపోయిన ఇళ్ళున్నాయి, వాళ్ళకి రెండో కాపీ ఎక్కడా లేదు.

గూగుల్ ఫోటోస్ వాడేవాళ్ళు ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. బ్యాకప్ ఆన్‌లో ఉండగా ఆ యాప్‌లో ఫోటో డిలీట్ కొడితే ఫోన్‌లోనూ పోతుంది, గూగుల్‌లోనూ పోతుంది, "బ్యాకప్ ఉందిగా" అనుకుని డిలీట్ చేసేసేవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటున్నారు. ఫోన్‌లో మాత్రమే తీయాలంటే మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఫ్రీ అప్ స్పేస్ అని వస్తుంది, అది బ్యాకప్ అయిపోయినవాటినే ఫోన్‌లోంచి తీస్తుంది. అది నొక్కేముందు బ్యాకప్ కంప్లీట్ అని ఉందో లేదో చూడండి. వాట్సాప్ ఫోటోలు దానంతట అది బ్యాకప్ చేయదు, బ్యాకప్ సెట్టింగ్స్‌లో డివైస్ ఫోల్డర్స్ అని ఉన్నచోట మీరే ఆన్ చేయాలి. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ అన్నిటికీ కలిపి, 2021 జూన్ 1 నుంచి ఎక్కించే ఫోటోలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి, ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే. అందుకే వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు ఆఫ్ చేసుకోమంటాను.

కాపీ అయ్యింది కదా, ఇక తీసేద్దాం. అందరికీ ఎక్కువ జాగా వచ్చేది వాట్సాప్ దగ్గరే. వాట్సాప్ సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. పైన ఐదు ఎంబీ కంటే పెద్దవి ఒకచోట, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి ఒకచోట, కింద ఏ గ్రూపు ఎంత తింటోందో వరసగా చూపిస్తుంది. పిన్నికి సింహాచలం గిరి ప్రదక్షిణ గ్రూపు ఒక్కటే 6 జీబీ. 32 కిలోమీటర్లు నడిచినవాళ్ళు దారి పొడుగునా తీసి పెట్టారు, ఒకే వీడియో ఐదుగురు పెట్టారు. అక్కడ సెలెక్ట్ ఆల్ కొట్టబోయింది, ఆపాను. సైజు ప్రకారం పెట్టుకుని ఒక్కోటీ చూశాం, తను దేవుడి మెట్ల దగ్గర కొబ్బరికాయ కొడుతున్న వీడియో మధ్యలో ఉంది, దాన్ని పక్కన పెట్టి మిగతావి తీసేశాం. సొంతవాళ్ళ చాట్‌లైతే గ్రూపుల్లా తీసేయకండి, అక్కడ పెద్ద వీడియోలు మటుకే చూడండి, వాయిస్‌లు ఉండనివ్వండి.

అక్కడే మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో వీడియోలకి టిక్ తీసేయండి, లేకపోతే నెలకే మళ్ళీ నిండిపోతుంది. మీడియా విజిబిలిటీ ఆఫ్ చేస్తే జాగా మిగులుతుందని కొందరు అనుకుంటారు, మిగలదు, గ్యాలరీలో కనపడవు అంతే, ఫైల్ ఫోన్‌లోనే ఉంటుంది.

డౌన్‌లోడ్ ఫోల్డర్ ఐదు నిమిషాల పని. ఒకే ఆధార్ పీడీఎఫ్ బ్రాకెట్‌లో 1, 2, 3 అంటూ ఏడు ఉంటాయి, కరెంటు బిల్లులుంటాయి. ఆధార్ లాంటివి డిజిలాకర్‌లో మళ్ళీ తీసుకోవచ్చు, భూమి కాగితాలు, హాస్పిటల్ రిపోర్టులు మాత్రం కాపీ లేకుండా తీయకండి. ఏపీకే అని ఉన్న ఫైల్, అంటే తెరిస్తే ఫోన్‌లో యాప్ వేసేది, ఎవరో వాట్సాప్‌లో పంపింది కనిపిస్తే తెరవకండి, తీసేయండి, పెళ్ళి కార్డు అని, బ్యాంకు అప్‌డేట్ అని పేరు పెట్టి పంపే మోసాలు ఉన్నాయి.

ఫోన్ సెట్టింగ్స్‌లో ఏదైనా యాప్ స్టోరేజ్ తెరిస్తే క్లియర్ కాష్, క్లియర్ డేటా, ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, తేడా మాత్రం చాలా ఉంది. కాష్ అంటే యాప్ మళ్ళీ మళ్ళీ నెట్ నుంచి తెచ్చుకోకుండా దగ్గర పెట్టుకున్న సామాను, పోయినా మళ్ళీ తెచ్చుకుంటుంది, ధైర్యంగా తీయొచ్చు. డేటా క్లియర్ చేస్తే ఆ యాప్ ఇప్పుడే కొత్తగా వేసినట్టు అయిపోతుంది, యూపీఐ యాప్ అయితే మళ్ళీ సిమ్ వెరిఫికేషన్ నుంచి మొదలు, వాట్సాప్‌లో బ్యాకప్ లేకుండా నొక్కితే చాట్‌లు గల్లంతు. టెలిగ్రామ్‌కి మటుకు దాని సెట్టింగ్స్‌లోనే స్టోరేజ్ యూసేజ్‌లో కాష్ తీయొచ్చు, మామూలు చాట్‌ల ఫైల్స్ వాళ్ళ క్లౌడ్‌లో ఉంటాయి, కావాలంటే మళ్ళీ దిగుతాయి.

ఐఫోన్ వాళ్ళకి దారి వేరు, సెట్టింగ్స్, జనరల్, ఐఫోన్ స్టోరేజ్. వాడని యాప్‌కి ఆఫ్‌లోడ్ కొడితే యాప్ పోయి దాని డేటా ఉంటుంది, అది మంచి ఏర్పాటు. ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే ఒకచోట డిలీట్ అంటే అన్నిచోట్లా డిలీటే.

ఇన్ని తీసినా జాగా పెరగలేదంటే బిన్‌లో, అంటే డిలీట్ కొట్టినవి కొన్నాళ్ళు ఉండే చెత్తబుట్టలో ఉన్నట్టు. గ్యాలరీ బిన్‌లో చాలా ఫోన్లలో 30 రోజులు, గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు ఉంటాయి. మరీ అవసరం లేకపోతే నేను వెంటనే ఖాళీ చేయను, వారం ఆగుతాను, ఈ వారంలో ఇంట్లో ఎవరో ఒకరు ఫలానా ఫోటో ఏదీ అని అడుగుతారు.

పొరపాటున పోతే ముందు ఈ బిన్‌లన్నీ చూడండి. అక్కడ లేదంటే కొత్త ఫోటోలు తీయడం ఆపేయండి, రికవరీ యాప్‌ల మీద డబ్బు పోయకండి, ఇప్పటి ఫోన్లలో స్టోరేజ్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసినట్టు ఉంటుంది కాబట్టి బిన్ దాటిపోయింది వాటికి దొరకడం చాలా కష్టం. దానికంటే పంపినవాళ్ళని అడగండి, వాళ్ళ ఫోన్‌లో ఇంకా ఉండొచ్చు. నాకు ఈ సంగతి ఆలస్యంగా తట్టింది. నాయనమ్మ పాత ఫోన్ బీరువాలో చీరల కింద ఉంటే తీసి, రాత్రంతా ఛార్జింగ్ పెట్టి, వాట్సాప్ మీడియాలో వాయిస్ నోట్స్ తెరిచాను. ఏడాది, వారం నంబరు కలిపి వారానికో ఫోల్డర్, లోపల పీటీటీ అని మొదలయ్యే చిన్న చిన్న ఫైల్స్. ఆవిడ నాకు పంపినవి 46 దొరికాయి. అన్నీ కలిపి రెండు ఎంబీ కూడా లేవు, ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి, ఒకటి పిన్ని పెన్‌డ్రైవ్‌లో.