తుంటి ఆపరేషన్ తర్వాత కాలి బలం – 4వ పాఠం: మళ్లీ కాలు పక్కకే

ఈసారి కుర్చీలోంచి లేవడం మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠంలోని ‘నిలబడి కాలు పక్కకు ఎత్తడం’ దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఇరవైసార్లు ఎత్తుతున్నా నడకలో ఒక పక్కకు ఒరగడం తగ్గలేదట. తప్పు రెండుచోట్ల ఉంది.

ఒకటి, పాదం. కాలు ఎత్తగానే బొటనవేలు బయటికి తిరుగుతుంది, కాలు కాస్త ముందుకొస్తుంది. అప్పుడు పని చేసేది తొడ ముందు కండరాలు. మనకు కావలసింది పిరుదు పక్కనుండే కండరం. పెద్దవారిని గోడకు వీపు ఆనించి నిలబెట్టండి, ముందు వాకర్ పెట్టండి. మడమ గోడను రాసుకుంటూ పక్కకు పోవాలి, వేళ్లు ఎదురుగానే ఉండాలి. జానెడు చాలు. మూరెడు ఎత్తారంటే నడుము వంచే ఎత్తారు.

రెండోదే నాకు చిరాకు తెప్పించేది: దెబ్బ తగిలిన కాలే ఎత్తిస్తారు, మంచి కాలు వదిలేస్తారు. మంచి కాలు గాల్లో ఉన్నప్పుడే ఒళ్లంతా ఆపరేషన్ అయిన తుంటి మీద నిలుస్తుంది. నడకలో జరిగేదీ అదే. కాబట్టి రెండు కాళ్లూ ఎత్తించండి. నడుము దగ్గర పంచె కట్టు అంచు చూడండి: ఎత్తిన కాలి వైపు కిందికి వాలితే, నిలబడ్డ వైపు కండరం ఇంకా మోయలేకపోతోందన్నమాట. అప్పుడు ఎత్తు తగ్గించి, వాకర్ మీద చేతులతో భారం వేయించండి. ఆ కాలిమీద పూర్తి బరువు వేయొచ్చని సర్జన్ చెప్పాకే ఇదంతా.

ఎనిమిది నుంచి పదిసార్లు, రెండు విడతలు, రోజు విడిచి రోజు. చివరి రెండూ కష్టంగా ఉండాలి. ఇరవైసార్లు సులువుగా అయిందంటే కండరానికి పని చాలట్లేదు. ఫిజియోథెరపిస్టు సరేనంటే అరకిలో ఉప్పు పాత సాక్సులో పోసి చీలమండకు కట్టండి.

ఇక కుర్చీ. చేతులున్న చెక్క కుర్చీ, గోడకు ఆనించి. ప్లాస్టిక్ కుర్చీ నాకు నచ్చదు, జారుతుంది. తుంటి కీలులోని బంతి (తొడ ఎముక పైకొసన ఉండే గుండ్రటి భాగం) మార్చినవారికి దిండు వేసి, మోకాళ్లకంటే తుంటి ఎత్తుగా ఉండేలా చూడండి. పాదాలు సమంగా పెట్టుకుని లేవాలి. దెబ్బకాలు ముందుకు చాపితే లేపేది మంచికాలే. బంతి మార్చాక అలా చాపమని సర్జన్ చెప్పుంటే మాత్రం ఆయన మాటే వినండి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి.

చారన్నంతో కండ రాదు. 50 కిలోల మనిషికి రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ లక్ష్యం; గుడ్డుకు ఆరు గ్రాములు వేసుకోండి, మిగతాది పప్పు, పెరుగు, పాలు, చేప. కిడ్నీ జబ్బుంటే డాక్టర్‌ని అడిగాకే.

గజ్జలో ఉన్నట్టుండి పోటు, కాలు పొట్టిగా కనబడటం, పిక్క వాపు: వీటిలో ఏదున్నా ఆపి ఆసుపత్రికి.

అభ్యాసం: 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చున్నారో వారానికోసారి, అదే కుర్చీలో, అదే వేళకు లెక్కించండి. చేతులు వాడితే పక్కన ‘చే’ అని రాయండి. నాలుగు వారాల అంకెలు దగ్గర పెట్టుకునే 5వ పాఠానికి, మెట్లకు, రండి.