ఫ్రెంచి పల్లెను చదివే పద్ధతి: కోంక్ ఉదాహరణగా

ఫ్రాన్సులోని ఏదైనా చిన్న పల్లె చరిత్రను తెలుసుకోదలచినవారు సాధారణంగా అక్కడి చర్చితో మొదలుపెడతారు. నేనైతే ముందు నేలను చూడమంటాను. దక్షిణ ఫ్రాన్సులో, అవెరోన్ డిపార్ట్‌మెంటులో (మన జిల్లా వంటిది) ఉన్న కోంక్‌నే తీసుకోండి. ఊష్ అనే వాగు దుర్దూ నదిలో కలిసే చోటికి దగ్గరగా, నిటారైన లోయవాలును పట్టుకుని ఇళ్లు మెట్లుమెట్లుగా నిలిచి ఉంటాయి. గుల్లలా ఒంపు తిరిగిన ఆ లోయ ఆకారాన్ని బట్టి, గవ్వకూ శంఖానికీ వాడే లాటిన్ మాట నుంచి ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. గోడల్లోనూ కప్పుల్లోనూ కనిపించే షిస్టు అనే పలకల రాయి చుట్టుపక్కల కొండలదే.

తరువాత ఫ్రాన్సు ప్రభుత్వ పటాల వెబ్‌సైటు తెరిచి, 18వ శతాబ్దపు కసీని పటాన్నీ నేటి పటాన్నీ పక్కపక్కన పెట్టి, ఏ దారి మిగిలిందో, ఏది మాయమైందో గుర్తించండి. పొలాల హద్దులు కావాలంటే నెపోలియన్ కాలపు భూమి పటాలు, అంటే మన గ్రామపటం, అడంగల్ వంటివి, డిపార్ట్‌మెంటు ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి. జనన మరణాల నమోదు 1792లో చర్చి చేతి నుంచి పురపాలన చేతికి మారిందనీ, 1793 చివరి నుంచి 1805 చివరి దాకా తేదీలు ఫ్రెంచి విప్లవ పంచాంగంలో ఉంటాయనీ గుర్తుంచుకోకపోతే తికమక తప్పదు.

ఇక చర్చి దగ్గరికి రావచ్చు. 9వ శతాబ్దంలో ఒక సన్యాసి అజెన్ పట్టణం నుంచి సాంత్ ఫ్వా అనే క్రైస్తవ సాధ్వి అస్థికలను ఇక్కడికి తెచ్చాడు. నిజం చెప్పాలంటే దొంగిలించుకొచ్చాడు. స్పెయిన్‌లోని సాంతియాగో పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రికులు ఆగడం వల్లే ఇంత చిన్న ఊరికి అంత పెద్ద ఆలయం సాధ్యమైంది. విప్లవకాలంలో ఊరివాళ్లు అక్కడి నిధిని తమ ఇళ్లలో దాచి కాపాడుకున్నారు. పడమటి ద్వారంపై అంతిమ తీర్పు శిల్పాన్ని చూసేటప్పుడు కమాను అంచును తప్పక గమనించండి: రాతి పట్టీని వేళ్లతో పట్టుకుని తొంగిచూసే చిన్న ముఖాలు అక్కడ వరుసగా ఉంటాయి. లోపలి కిటికీలకు చిత్రకారుడు పియెర్ సులాజ్ రూపొందించిన గాజు 1994లో అమర్చారు.

చివరగా, స్థానిక నామాలను గుడ్డిగా నమ్మవద్దు. దుర్దూపై ఉన్న వంతెనను రోమన్ వంతెన అంటారు గాని, అది మధ్యయుగాలది. యాత్రికుణ్ణి సూచించే ఆక్సితాన్ (దక్షిణ ఫ్రాన్సు భాష) మాట ‘రుమియు’ కాలక్రమాన అలా మారిందని చెబుతారు.