హకల్‌బెరీ ఫిన్: జాత్యహంకారాన్ని, దాని మీద విమర్శను విడదీసి చదవడం ఎలా?

తెలుగులో చాలామందికి మార్క్ ట్వేన్ రాసిన హకల్‌బెరీ ఫిన్ పిల్లల పుస్తకంగానే పరిచయం. నండూరి రామమోహనరావు అనువాదం చదివినవాళ్లకు మిసిసిపీ నది, తెప్ప, దాని మీదికి ఎక్కి కూచున్న దొంగ రాజు, దొంగ డ్యూక్ గుర్తుంటారు. పెద్దయ్యాక ఇంగ్లీషు మూలం తెరిస్తే ఇబ్బంది మొదలవుతుంది. నల్లవాళ్లను కించపరిచే తిట్టు రెండు వందల సార్లకు పైగా వస్తుంది. కథ చెప్పే కుర్రాడు హక్ బానిసత్వం తప్పని ఒక్కచోట కూడా అనడు. ఇది జాత్యహంకార నవలా, జాత్యహంకారాన్ని ఎండగట్టిన నవలా అని వాదించుకోవడం మొదలుపెడితే తెల్లారిపోతుంది. ఆ వాదనలోకి దిగేముందు పుస్తకాన్ని ఇలా చదివి చూడండి.

1. ముందు రెండు కాలాలు, ఒక మ్యాప్

కథ జరిగేది సుమారు 1835–45 మధ్య. పుస్తకం ఇంగ్లండులో వచ్చింది 1884 డిసెంబరులో, అమెరికాలో 1885 ఫిబ్రవరిలో. ఈ రెండు కాలాల నడుమ అంతర్యుద్ధం జరిగింది, 1865లో 13వ రాజ్యాంగ సవరణతో బానిసత్వం రద్దయింది. మరి రద్దయిన ఇరవై ఏళ్లకు దాన్ని తిట్టడంలో మార్క్ ట్వేన్ గొప్పేముంది? మంచి ప్రశ్న. జవాబు పుస్తకం రాస్తున్న కాలంలో ఉంది. 1877కల్లా దక్షిణాదిలో నల్లవాళ్ల హక్కులకు కాపలా కాసిన కేంద్ర సైన్యం పక్కకు తప్పుకుంది. పౌరహక్కుల కోసం 1875లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 1883లో కొట్టేసింది. అంటే కాగితం మీద స్వేచ్ఛ ఉంది, బతుకులో లేదు. ఇది మనసులో పెట్టుకుంటే నవల చివరి భాగం వేరేగా కనిపిస్తుంది. హ్యారియట్ బీచర్ స్టో రాసిన 'అంకుల్ టామ్స్ క్యాబిన్' (1852) సంగతి వేరు. అప్పటికి బానిసత్వం చట్టబద్ధం. పారిపోయిన బానిసలను పట్టివ్వాలన్న 1850 నాటి చట్టం మీద ఆమె నేరుగా యుద్ధం చేసింది.

మ్యాప్ ఎందుకంటే, పారిపోయిన బానిస జిమ్, అతనితో హక్ బయల్దేరేది బానిసత్వం ఉన్న మిస్సోరీ నుంచి. ఓహైయో నది కలిసే కైరో ఊరి దగ్గర దిగి బానిసత్వం లేని ఉత్తరాదికి పోదామని ప్లాను. పొగమంచులో కైరో దాటిపోతారు. స్వేచ్ఛ కోసం పారిపోతున్న మనిషి రోజురోజుకీ దక్షిణాదిలోకే కొట్టుకుపోతుంటాడు. ఇది తెలియకుండా చదివితే నది మీద షికారులా ఉంటుంది.

2. హక్‌ని, ట్వేన్‌ని వేరు చేయండి

అసలు పని ఇక్కడే ఉంది. ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. హక్ తప్పు అనుకుంటున్నది ఒక గడిలో, మీకు తప్పు అనిపిస్తున్నది రెండో గడిలో రాయండి.

16వ అధ్యాయంలో జిమ్ తన ఆశ చెప్పుకుంటాడు. డబ్బు కూడబెట్టి భార్యను కొనుక్కుంటాడట. తర్వాత ఇద్దరూ కష్టపడి పిల్లల్ని కొనుక్కుంటారట. యజమాని అమ్మకపోతే ఎవరినైనా పెట్టి దొంగిలిస్తారట. అది విని హక్ నిర్ఘాంతపోతాడు. తనకు ఏ అపకారమూ చేయని పెద్దమనిషి సొత్తును ఇలా కాజేస్తాడా అని! ఆ సొత్తు జిమ్ కన్నబిడ్డలే. ట్వేన్ ఇక్కడ ఒక్క మాట కూడా కలగజేసుకోడు. తప్పెక్కడుందో పట్టుకోవడం పాఠకుడి వంతు.

31వ అధ్యాయంలో హక్ జిమ్ ఆచూకీ చెబుతూ యజమానురాలికి ఉత్తరం రాస్తాడు. ఒక్కసారి పాపం కడిగేసుకున్నట్టు హాయిగా ఉంటుంది. తర్వాత తెప్ప మీద గడిపిన రాత్రులు గుర్తొస్తాయి. నరకానికి పోతే పోయానని ఉత్తరం చింపేస్తాడు. అందరూ మెచ్చుకునే ఘట్టం ఇది. దాంతో హక్ మారిపోయాడని చాలామంది తీర్మానించేస్తారు. తొందరపడొద్దు, పేజీ తిప్పండి.

32వ అధ్యాయంలో హక్ ఒక పొలానికి చేరతాడు. అక్కడి సాలీ పిన్ని అతన్ని తన అక్క కొడుకు టామ్ (హక్ స్నేహితుడు టామ్ సాయరే) అనుకుని, స్టీమరు ఎందుకు ఆలస్యమైందని అడుగుతుంది. యంత్రం పేలిందని హక్ అప్పటికప్పుడు కల్పిస్తాడు. ఎవరికైనా దెబ్బలు తగిలాయా అంటుంది ఆవిడ. లేదండీ, ఒక నల్లవాడు చచ్చాడు అంటాడు. పోన్లే, ఒక్కోసారి మనుషులకు కూడా దెబ్బలు తగులుతుంటాయి అని ఆవిడ ఊపిరి పీల్చుకుంటుంది. సాలీ పిన్ని దుర్మార్గురాలు కాదు, నవలలో అందరికన్నా ఆప్యాయత ఉన్న మనిషి. ఇంకో విషయం గమనించండి. ఆ ప్రమాదం జరగనే లేదు. అబద్ధం నమ్మేలా ఉండాలని హక్ ఒక చావు అతికించాడు, ఆ చావు ఎవరిదైతే ఎవరూ పట్టించుకోరో అతనికి ఆలోచించకుండానే తెలుసు. జిమ్ కోసం నరకానికి సిద్ధపడ్డ కుర్రాడే ఇలా అంటున్నాడు. జిమ్ అనే మనిషి మీద ప్రేమ పెరిగింది. చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన చూపు మాత్రం పోలేదు. నా లెక్కలో నవల మొత్తంలో పదునైన సామాజిక విమర్శ ఉత్తరం చింపిన చోట లేదు, ఈ నాలుగు వాక్యాల్లో ఉంది.

3. డబ్బు ఎక్కడెక్కడ వస్తుందో గుర్తు పెట్టుకోండి

జిమ్ యజమానురాలు మిస్ వాట్సన్ మహా భక్తురాలు. జిమ్‌ని అమ్మడం ఆవిడకూ ఇష్టం లేదు, కానీ 800 డాలర్లంటే ఆగలేకపోతుంది. అది చాటుగా విన్న జిమ్ పారిపోతాడు. బానిసల కోసం వెతికేవాళ్లు తెప్ప మీద మశూచి ఉందని భయపడి, సాయం చేయకుండా 40 డాలర్లు చెక్క మీద పెట్టి నీళ్లలో వదిలి తప్పించుకుంటారు. దొంగ రాజు జిమ్‌ని అమ్ముకునేది 40 డాలర్లకే. చివర్లో టామ్ సాయర్ జిమ్ చేతిలో పెట్టేదీ 40 డాలర్లే. భక్తి, జాలి, పశ్చాత్తాపం అన్నిటికీ ఇక్కడ ధర ఉంది. ఈ లెక్కలు ట్వేన్ కావాలనే వేశాడో లేదో గానీ, రాసుకుంటూ పోతే కథ స్వరూపం తేలుతుంది.

హక్ తండ్రి తాగి వాగే ఆరో అధ్యాయం కూడా ఇదే ఊపులో చదివేయండి. ఓహైయో నుంచి వచ్చిన ఒక స్వతంత్ర నల్ల ప్రొఫెసరుకి ఓటుందని తెలిసి తండ్రి మండిపడతాడు. ఆ రోజు ఒళ్లు తెలియనంత తాగి ఉండకపోతే తనే ఓటు వేయడానికి పోయేవాణ్నంటాడు! నవ్వొస్తుంది, నవ్వండి.

4. ఇప్పుడు జిమ్‌ని మాత్రమే వెంబడించండి

ఇంతదాకా ట్వేన్ పక్షాన చదివాం. ఇక ఆయన్ని నిలదీయాలి. మొదటి అధ్యాయాల్లో జిమ్ మూఢనమ్మకాల మనిషి, నవ్వులాట బొమ్మ. తెల్లవాళ్లు ముఖానికి మసి పూసుకుని నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల ఛాయ అది. 15వ అధ్యాయంలో మాత్రం, తనను ఆటపట్టించిన హక్‌ని ముఖం మీదే నిలదీస్తాడు. స్నేహితుడి నెత్తిన దుమ్ము పోసేవాళ్లే చెత్త అంటాడు. హక్ క్షమాపణ అడగడానికి పావుగంట తటపటాయిస్తాడు, కానీ అడుగుతాడు. 23వ అధ్యాయంలో, జ్వరంతో చెవుడు వచ్చిందని తెలియక కూతుర్ని కొట్టినందుకు కుమిలిపోయే తండ్రి కనిపిస్తాడు.

ఆ జిమ్ 32 నుంచి 43 దాకా ఏమైపోయాడు? టామ్ సరదా కోసం ఎలుకలు, పాములు, సాలీళ్ల మధ్య గొలుసుతో పడి ఉంటాడు. యజమానురాలు వీలునామాలో అతనికి అప్పటికే విడుదల రాసిందని టామ్‌కి తెలుసు. జిమ్‌ని కుర్రాళ్ల దగ్గర్నుంచి ఎత్తుకుపోయిన చోటే ఆపేయండి, మిగతాది మోసం అన్నాడు అమెరికన్ రచయిత హెమింగ్వే. ఆ సలహా నేనివ్వను. విడుదలైన మనిషిని కట్టేసి ఆడుకోవడం 1880ల అమెరికాకి అద్దం అని కొందరంటారు, నాకూ సబబే అనిపిస్తుంది. అయినా ట్వేన్ ఆ ఆటను మరీ ఎక్కువగా ఆస్వాదించాడు. పైగా జిమ్ భార్యాబిడ్డల సంగతి ఏమైందో చివరి పేజీ దాకా ఎవరూ ఎత్తరు.

5. పక్కన ఒక నల్లజాతి రచయిత తప్పనిసరి

ఇది వదిలేస్తే పైన చేసిందంతా సగం పనే. ఫ్రెడరిక్ డగ్లస్ ఆత్మకథ (1845)లో బానిస తానే చదువు దొరకబుచ్చుకుని, తానే పారిపోయి, తానే రాశాడు. బానిసత్వం నుంచి తప్పించుకున్న హ్యారియట్ జేకబ్స్ తన ఆత్మకథ (1861)లో అమ్మమ్మ ఇంటి అటక మీద దాదాపు ఏడేళ్లు దాక్కున్న కథ చెప్పింది. కల్పనే కావాలంటే చార్ల్స్ చెస్నట్ కథలు 'ది కాంజుర్ వుమన్' (1899) చదవండి. అందులో ముసలి జూలియస్ చెప్పే కథల్ని తెల్ల దొర కాలక్షేపం అనుకుంటాడు. అసలు సంగతి దొరగారికి అందదు, పాఠకుడికి అందుతుంది. కథ చెప్పేవాడికి అర్థం కాని చోట విమర్శ దాచడమనే ట్వేన్ పద్ధతినే అవతలి వైపు నుంచి చూడొచ్చు. పెర్సివల్ ఎవరెట్ 2024లో జిమ్ గొంతుతో ఇదే కథను 'జేమ్స్' పేరుతో తిరగరాశాడు, 2025లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. అది మూలం తర్వాతే పట్టుకోండి.

బుక్ క్లబ్‌లో పైకి చదివేటప్పుడు నల్లవాళ్లను కించపరిచే ఆ తిట్టును పలకాల్సిన పని లేదు. ఎలా దాటేయాలో ముందే అనుకోండి, టెన్షన్ ఉండదు.

టైమ్ తక్కువుంటే 6, 15, 16, 23, 31, 32 అధ్యాయాలు, ఆ పైన చివరి రెండు చాలు. ట్వేన్, డగ్లస్, జేకబ్స్, చెస్నట్ పుస్తకాలు నాలుగూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతాయి.